తొమ్మిదోవాడు నిద్రపోతున్నాడు

మధ్యాహ్నం మూడుంబావుకి వేడిగది తలుపు తెరిచేసరికి టెస్టింగ్ ఇంజనీరు ప్రాణం పోయి అరగంట దాటింది.

వేడిగది అంటే లేబొరేటరీలో ఆఖరి గది. కిటికీలు లేని ఇనప గోడలు, ఇనప తలుపు, తలుపుకి అరచేయంత అద్దం. కంప్యూటర్లని అందులో పెట్టి అరవై డిగ్రీల వేడిలో రోజుల తరబడి నడిపిస్తారు. తట్టుకుంటే మంచి మిషన్, తట్టుకోకపోతే చెత్త. మనుషుల్ని పరీక్షించడానికి కట్టిన గది కాదది.

తలుపుకి లోపలివైపు పిడి లేదు. దాని మరలు ఎవరో విప్పుకుపోయారు. చనిపోయిన మనిషి కుడి పిడికిట్లో ఒక ర్యామ్ స్టిక్ ఉంది, కంప్యూటర్ మెమరీ ఉండే పలక. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి దాన్ని బయటికి లాగారు. జేబులో చిన్న నోటుబుక్కు ఉంది. రాసిన పేజీల్లో చివరిదాని మీద ఒకే ఒక్క వాక్యం.

'తొమ్మిదోవాడు నిద్రపోతున్నాడు.'

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆ పేజీ ఫొటోకాపీ తాత బల్లమీద ఉంది.

తాతకి యాభై కూడా నిండలేదు. జుట్టు మొత్తం తెల్లబడడం వల్ల, అందర్నీ ఒకేలా తిట్టడం వల్ల డిపార్ట్‌మెంట్ ఆయనకి ఆ పేరు ఖాయం చేసింది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయికి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పేరు చీమ. ఒక మూల నిలబడితే ఆ మూలలో మనిషి ఉందని ఎవరికీ తోచదు. ఏడేళ్ళ సర్వీసులో నర్సుగా, టైపిస్టుగా, లిఫ్ట్ మెకానిక్‌గా పదకొండు వేషాలు వేసింది. పదకొండు చోట్లా ఆమె మొహం ఎవరికీ గుర్తులేదు.

"కూర్చోకు. ఎంతోసేపు పట్టదు," అన్నాడు తాత. "రైల్వే సిగ్నళ్ళన్నీ గురువారం పొద్దున్న పదకొండింటికి కొత్త కంప్యూటర్ మీదికి మారతాయి. ఆ కంప్యూటర్‌కి ఏ మదర్‌బోర్డు కొనాలో తేల్చే పని చచ్చినవాడిది. రెండే మిగిలాయి. ఒకదాన్ని లేబొరేటరీలో ఏనుగంటారు, ఇంకోదాన్ని లేడి అంటారు. తేనెపట్టు ముఠా అందులో వేలు పెట్టింది."

తేనెపట్టు విదేశీ ముఠా. దాని ఫైలు డిపార్ట్‌మెంట్‌లో రెండు బీరువాలు నింపింది.

"తేనెపట్టులో ఎనిమిదిమంది మనకి తెలుసు. తొమ్మిదోవాడు స్లీపర్ ఏజెంట్, కబురొచ్చేదాకా మామూలు మనిషిలా బతికేవాడు. ఆ లేబొరేటరీలోనే ఎక్కడో కూర్చుని టీ తాగుతున్నాడు. ఇంజనీరు కనిపెట్టాడు, చచ్చాడు. వెళ్ళి వాణ్ణి పట్టుకో."

"ఇంజనీరుగారు మనవాళ్ళు కాదు కద సార్. స్లీపర్ అనే మాట ఆయనకెలా తెలుస్తుంది?"

"చచ్చేవాడికి అన్నీ తెలుస్తాయి. నువ్వింకా బతికే ఉన్నావు, చెప్పింది విను." తాత ఇంకో కాగితం తోశాడు. "ముఠాలో మనమనిషి ఒకావిడ ఉంది. కోడ్‌నేమ్ ముత్యం. ఏనుగు బోర్డులో ఏదో మతలబు ఉందని చెప్పింది. వేడిగదిలో పదిరోజులు నడిపితే దాని లాగ్‌లో, అంటే మిషన్ తన తప్పులు తనే రాసుకునే చిట్టాలో, పద్నాలుగు మెమరీ తప్పులు పడ్డాయట. లేడికి సున్నా. ఏనుగు సిగ్నల్ కంట్రోల్ హాల్లో అడుగు పెట్టకూడదు. అర్థమైందా?"

"అయింది సార్."

"అయినట్టు మొహం పెట్టు మరి."

పోయేముందు ఒక గడియారం ఇచ్చాడు. పక్కనున్న బొడిపె నొక్కితే ఆమె ఎక్కడున్నా డిపార్ట్‌మెంట్‌కి కబురు అందుతుంది. పోయినసారి ఇచ్చిన గొడుగులో కెమెరా పెట్టారు. వానకి తడిసి పాడయింది. చీమ ఆ సంగతి ఎత్తలేదు.

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, బతికున్నావా?"

"ఉన్నానక్కా."

"నాకు ప్రమోషనిచ్చి మూడు నెలలైంది. ఆవేళ రమ్మంటే పనన్నావు. గురువారం కొత్త సిగ్నళ్ళ మీద మొదటి ప్యాసింజర్ బండి నడిపేది నేనే. స్టేషన్‌కి వచ్చి చెయ్యి ఊపమంటే అప్పుడూ పనే అంటావు. ఆ కంప్యూటర్లు బాగుచేసే షాపు నువ్వు లేకపోతే మూతపడుతుందా?"

చీమ అక్కకి చెప్పుకున్న ఉద్యోగం ఆ షాపే. ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. "గురువారమా?"

"పదకొండు దాటాక జంక్షన్‌లో ఉంటాను. ఎనిమిది పెట్టెలు, ఆరొందలమంది జనం. నీకెందుకులే ఇవన్నీ. జీవితంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తప్పు నాదే అక్కా అని నీ నోటితో అన్నావా?"

అక్క ఫోన్ పెట్టేసింది. చీమ గడియారం వైపు చూసింది. గురువారానికి మూడు రోజులుంది.

*

లేబొరేటరీ సిగ్నల్ కంట్రోల్ ఆఫీసు కింది అంతస్తులో ఉంది. పైన మూడో అంతస్తులో హాలు. చచ్చిన ఇంజనీరు స్థానంలో తాత్కాలిక టెస్టర్‌గా వచ్చిన చీమని పలకరించినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన కుర్చీలో ఆమె కూర్చున్నందుకు సగం మందికి కోపం. మిగతా సగానికి ఆ కుర్చీ తమకి రానందుకు కోపం.

అందరికంటే ఎక్కువ కోపం కొనుగోళ్ళ అధికారిది. ఆయన్ని అందరూ కత్తెర అంటారు. ఏ బిల్లు వచ్చినా కత్తిరిస్తాడు. చొక్కా జేబులో నిజంగానే చిన్న కత్తెర ఉంటుంది. రాసిన కాగితంలో కింద ఖాళీ మిగిలితే ఆ ముక్క కత్తిరించి చీటీలకి దాస్తాడు.

"చూడమ్మాయ్," అన్నాడు మొదటిరోజే, రెండు బోర్డులూ బల్లమీద పెట్టి. "ఇది ఏనుగు. పెద్ద సర్వర్ చిప్‌సెట్. ఇది లేడి. మామూలు చిప్‌సెట్. రెండింటిలోనూ దూరేది ఇదే ర్యామ్. ఏనుగు ఒకటి కొనే డబ్బుతో లేళ్ళు మూడొస్తాయి. ఏనుగు స్విచ్ వేస్తే లేవడానికి నాలుగు నిమిషాలు. లేడికి ఇరవై సెకన్లు. ఏనుగు పదిరోజుల్లో పద్నాలుగుసార్లు తప్పు తప్పని అరిచింది. లేడి నోరెత్తలేదు. ఇంకా పోల్చడానికి ఏముంది?"

"ఏనుగు అరిచిన తప్పులు అదే దిద్దుకుంది కద సార్. లాగ్‌లో అన్నిటి పక్కనా 'సరిచేయబడింది' అని ఉంది."

"తప్పు చేయడం ఎందుకు, దిద్దుకోవడం ఎందుకు? మా ఇంట్లో పనిమనిషైతే మొదటిరోజే పంపించేసేవాణ్ణి."

ఆయన బల్లకింద ఒక ఎర్ర గంట బిగించి ఉంది. ఏనుగు లాగ్‌లో నిమిషానికి పది తప్పులు దాటితే ఆ గంట మోగేలా చనిపోయిన ఇంజనీరు వైరు లాగించాడు. ఒకసారి పరీక్ష కోసం మోగించినప్పుడు కత్తెర చేతిలో టీ పాంటు మీద పడింది. అప్పట్నుంచి ఏనుగన్నా, ఇంజనీరన్నా ఆయనకి పడదు. ఇంజనీరు పోయాడు, వైరు పీకించాలంటే ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చుకోవాలని గంటని అలాగే ఉంచేశాడు.

"నన్నడిగితే," అన్నాడు, "ఏనుగు కొంటే మన చేతికి చిప్పే."

అప్పుడే వెనకనుంచి నవ్వు వినిపించింది. "చిప్పు సార్, చిప్ప కాదు."

వచ్చిన ఆవిడ మెడలో ఒంటిపేట ముత్యాలు, కాళ్ళకి చప్పుడు చేయని చెప్పులు. లేడి బోర్డు అమ్మే కంపెనీ తరఫు సలహాదారు. ఆవిడ నడిచొస్తుంటే లేబొరేటరీలో స్క్రూడ్రైవర్లు చేతుల్లోనే ఆగిపోయాయి. కత్తెరంతటివాడు లేచి తన కుర్చీ తుడిచి ఇచ్చాడు.

ఆయన టీ పురమాయించడానికి వెళ్ళగానే ఆవిడ చీమ పక్కకి జరిగి మెల్లగా అడిగింది. "ఇక్కడ ఎలకలున్నాయా?"

"పిల్లులు తినేశాయి," అంది చీమ. అది డిపార్ట్‌మెంట్ కోడ్.

"తాత ఎప్పుడూ ఇంతే, కంటికి ఆనని వాళ్ళనే పంపిస్తాడు." ముత్యం ఆమెని పైనుంచి కిందికి చూసింది. "ఏనుగుని ఈ లేబొరేటరీ దాటనివ్వకు. మిగతాది నాకొదిలెయ్యి. పెద్దవాళ్ళ పనుల్లో తలదూర్చకుండా ఉంటే నీకూ మంచిది."

"లేడికి నిజంగా ఒక్క తప్పు కూడా పడలేదా మేడమ్? పదిరోజులు, అరవై డిగ్రీల్లో?"

"సున్నా," అంది ముత్యం, తను కన్న బిడ్డ మార్కులు చెబుతున్నట్టు. "పెద్ద గుండ్రటి సున్నా."

చీమ తల ఊపింది. తనకి తెలిసినంతలో ఎప్పుడూ తప్పు చేయనని చెప్పేవాళ్ళు రెండు రకాలు. ఒకరు అబద్ధాలకోర్లు, ఇంకొకరు తమ తప్పులు తమకి కనపడనివాళ్ళు. మదర్‌బోర్డుల్లో కూడా ఆ రెండు రకాలూ ఉంటాయా అన్నది ఆమెకింకా తెలీదు.

రెండోరోజు కత్తెర లేడికి ఆర్డరు మీద సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే కొత్త మిషన్ పైన హాల్లోకి చేరింది. ఏనుగుని స్టోరుకి మోయించడానికి కూలీ దండగని, గంట వైరు కూడా పీకకుండా వేడిగదిలో ఒక మూలకి నెట్టేశారు.

*

తొమ్మిదోవాడి కోసం చీమ మూడు రోజులు వెతికింది. లేబొరేటరీలో పదిహేడుమంది. ఒకడికి పెళ్ళాంతో గొడవ, ఒకడు ఆఫీసు ఫోన్‌లో జాతకాలు చెప్తాడు, ఇద్దరు సామాను దొంగిలిస్తారు. విదేశాలకి దేశాన్ని అమ్మేంత ఓపిక వాళ్ళెవరికీ లేదు.

బుధవారం మధ్యాహ్నం ఇంజనీరు సొరుగు సర్దుతుంటే అతని వస్తువుల కవరు దొరికింది. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆఖరి పేజీ ఫొటో తీసుకుని నోటుబుక్కుని తిరిగి ఇచ్చేశారు. పిడికిట్లోని ర్యామ్ స్టిక్ కూడా అందులోనే ఉంది. దానికి ఎర్ర చీటీ అంటించి ఉంది: 'చెడ్డది. పారేయవద్దు.'

ఆమె అలవాటు కొద్దీ పెన్సిల్ రబ్బరు తీసుకుని ర్యామ్ అంచునున్న బంగారు గీతలు రుద్దసాగింది. రిపేరు తెలిసిన చేయి ఏదైనా ఆ పనే చేస్తుంది. రుద్దుతూ, ఎడమచేత్తో నోటుబుక్కు మొదటి పేజీ నుంచి తిప్పింది. మొదటి పేజీ నుంచి చదివినవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరు.

'మూడోవాడికి జ్వరం. గంటలో ఎనభై డిగ్రీలు.'

'అయిదోవాడు మొండి. పొద్దున్న బానే ఉంటాడు, మధ్యాహ్నం మాట వినడు.'

'ఒకటి నుంచి ఎనిమిది దాకా బుద్ధిమంతులు. తొమ్మిదోవాడు వాళ్ళమీద కన్నేసి ఉంచాలి.'

చీమ చేతిలో రబ్బరు ఆగిపోయింది.

చేతిలోని ర్యామ్ వైపు చూసింది. పచ్చటి పలక మీద నల్లటి చిప్పులు వరసగా ఉన్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎనిమిది. ఆ పైన ఇంకొకటి.

మామూలు ర్యామ్‌కి ఎనిమిదే ఉంటాయి. ఎనిమిదీ కంప్యూటర్ చెప్పిన అంకెలు గుర్తుపెట్టుకుంటాయి. ఈసీసీ ర్యామ్‌కి తొమ్మిదోది ఉంటుంది. దాని పని మిగతా ఎనిమిదిట్లో ఎవరైనా అంకె తప్పు చెబితే పట్టుకుని సరిచేయడం. అయితే అది తనంతట తను పనిచేయదు. బోర్డుని నడిపించే చిప్‌సెట్ ఒప్పుకోవాలి. ఒప్పుకోని చిప్‌సెట్‌లో కూడా ఆ ర్యామ్ చక్కగా దూరుతుంది, మిషన్ చక్కగా నడుస్తుంది. తొమ్మిదోవాడు మాత్రం నిద్రపోతాడు.

లేడికి తప్పులు పడకపోవడం కాదు. పట్టుకునేవాడు లేడు.

చీమ రబ్బరు బల్లమీద పెట్టేసింది. గూఢచారులం కాబట్టి నిద్ర అనగానే స్లీపర్ అనుకున్నాం. పాపం ఆ మనిషి ఇంజనీరు. చిప్పు గురించి రాశాడు.

తాతకి ఫోన్ చేసింది.

"సార్, తొమ్మిదోవాడు దొరికాడు."

"ఎవడు?"

"చిప్పు సార్."

"ఎవడి చిప్ప?"

"మెమరీ చిప్పు సార్. లేడి బోర్డుదే మోసం. ఏనుగు మంచిది. ముత్యం మనకి అటుదిటు, ఇటుదటు చెప్పింది."

తాత గొంతు మరీ మెత్తగా వచ్చింది, అది ఆయన అరుపు కన్నా ప్రమాదం. "ముత్యాన్ని నేను తెచ్చాను. పన్నెండేళ్ళు. ఎండలో తిరిగి నీకేమైనా తల తిరుగుతోందా? సాక్ష్యం ఉంటే తీసుకురా. లేకపోతే నీ మకాం మారిపోతుంది."

*

గురువారం పది గంటలకి చీమ సాక్ష్యం కోసం వేడిగదిలోకి వెళ్ళింది. గది చల్లగానే ఉంది. పరీక్షలన్నీ అయిపోయాయి. మధ్యలో నమూనా లేడి, మూలన దుమ్ముకొట్టుకుపోతూ ఏనుగు. గోడకి అరవైనాలుగు ఎర్ర దీపాల ప్యానెల్: ఉత్తుత్తి సిగ్నళ్ళు.

చెడ్డ ర్యామ్‌ని లేడిలో పెట్టి స్విచ్ వేసింది. ఇరవై సెకన్లలో లేచింది. అరవైనాలుగు దీపాలూ ఎర్రగా వెలిగాయి. ఆమె నిలబడి చూసింది. మూడో నిమిషంలో, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే, పదకొండో దీపం పచ్చబడింది.

లాగ్ తెరిచింది. తప్పులు: సున్నా.

వెనక తలుపు మూసుకున్న చప్పుడైంది. బయట గడియ పడింది. ఆ తరవాత గోడల్లోంచి హీటర్లు బుసకొట్టాయి.

అరచేయంత అద్దంలో ముత్యాలు కనిపించాయి, వాటిపైన చిరునవ్వు.

"వాడూ ఇలాగే దీపాలు చూస్తూ నిలబడ్డాడే," అంది ముత్యం. అద్దంలోంచి గొంతు పల్చగా వచ్చింది. "నీకు ముందే చెప్పాను కదా, తలదూర్చకని."

"పైన మిషన్‌లో ఉన్నది మంచి ర్యామే కద మేడమ్. దానంతటది ఎలా తప్పుతుంది?"

"అంత తెలివి ఉండి టెస్టర్‌వయ్యావేమే? ఒకే గది తలుపు లక్షసార్లు దబదబా బాదితే పక్కగది గోడ బీటలు వారదూ? మెమరీ కూడా అంతే. మా ప్రోగ్రాం పదకొండింటికి బాదడం మొదలుపెడుతుంది. పదకొండూ ఆరుకి జంక్షన్‌లో ఒక ఎరుపు పచ్చబడుతుంది. ఇటునుంచి ప్యాసింజరు, అటునుంచి గూడ్సు, ఒకే పట్టా. రేపట్నుంచి ఈ దేశంలో రైలెక్కేవాడుండడు. ఏనుగైతే మొదటి దెబ్బకే దిద్దుకుని, గోల చేసి ఊరంతా లేపేది." ఆవిడ గడియారం చూసుకుంది. "చెమటలు పట్టాయి, తుడుచుకో."

చెప్పుల చప్పుడు కూడా లేకుండా వెళ్ళిపోయింది.

చీమ చేతిగడియారం బొడిపె నొక్కింది. ఇనప గోడల్లోంచి కబురు పోదు, ఫోనూ పలకదు. తలుపు బాదింది. ఆ వేళప్పుడు అందరూ పైన హాలు చుట్టూ గుమిగూడి ఉంటారు. పిడి మరలు మళ్ళీ బిగించారు గానీ పిడి ఊరికే తిరుగుతోంది. లోపలి పుల్ల తీసేశారు. టైము పదీ పన్నెండు. వేడి నలభై ఆరు.

అరవకూడదనుకుంది. అరిస్తే ఊపిరి ఖర్చు. ఆమె నేలమీద కూర్చుని, ఏడేళ్ళుగా చేస్తున్న పనే చేసింది. గదిని చూసింది.

హీటర్లు. ప్యానెల్. లేడి. ఏనుగు. ఏనుగు వెనకనుంచి గోడలోకి పోతున్న సన్నటి ఎర్ర వైరు.

పీకించడానికి కత్తెరకి మనసొప్పని వైరు.

ఇంజనీరుకి ఈ ఆలోచన రాక కాదు. ఆరోజు పరీక్ష లేడిది. ఏనుగు బయట బల్లమీద ఉంది. అతని చేతిలో చెడ్డ ర్యామ్ ఉంది గానీ దాని గురించి అరిచే మిషన్ గదిలో లేదు. లేడి ముందు మనిషి చచ్చిపోయినా దాని లాగ్‌లో సున్నాయే.

లేడిలోంచి చెడ్డ ర్యామ్ లాగింది. లేడి తెర ఆ సున్నా మీదే బిగుసుకుపోయింది. వేళ్ళు కాలాయి. ఏనుగు మూత విప్పి అందులోని మంచి ర్యామ్ తీసి చెడ్డదాన్ని దూర్చింది, స్విచ్ వేసింది. నల్లటి తెర. ఏనుగు తాపీగా తన ఫ్యాన్లు లెక్కపెట్టుకుంది, డిస్కులు లెక్కపెట్టుకుంది, మెమరీ మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా తడుముకుంది. నాలుగు నిమిషాలు. ఇన్నేళ్ళ సర్వీసులో అంత పొడుగు నాలుగు నిమిషాలు ఆమె చూడలేదు. వేడి యాభై నాలుగు. జుట్టు తడిసి మెడకి అంటుకుంది. నోరు పిడచగట్టింది.

"లేవే తల్లీ," అంది ఏనుగుతో. "లేచి నన్ను తిట్టు."

దీపాలు వెలిగాయి, అరవైనాలుగూ ఎర్రగా. ఏదీ పచ్చబడలేదు. తెరమీద అక్షరాలు పడ్డాయి. మెమరీ తప్పు. సరిచేయబడింది. మెమరీ తప్పు. సరిచేయబడింది. వరసగా, విసుగులేకుండా, ఇంటెడు చాకిరీ చేస్తూ సణుక్కునే పెద్దావిడలా.

పదోది పడింది. పదకొండోది.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆమె నేలకి చెంప ఆనించి పడుకుంది. అక్కడ ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. పదీ యాభై ఏడుకి గడియ తీసిన చప్పుడు, దాని వెంటే కత్తెర గొంతు వినిపించాయి.

"ఎవడ్రా ఇది? కొనని మిషన్‌కి కరెంటా? అరగంట నుంచి చెవులు చిల్లులు పడుతుంటే—" నేలమీద మనిషిని చూసి ఆగిపోయాడు. "ఏమ్మాయ్! ఇక్కడ పడుకున్నావేంటి? హీటర్లు ఎవరు వేశారు? హీటర్లకి కరెంటు ఎంత తింటుందో తెలుసా నీకు?"

చీమ గోడ పట్టుకుని లేచింది. "లేడి లాగ్ చూడండి సార్. ఇదే చెడ్డ ర్యామ్ పెట్టాను. ఎరుపు పచ్చబడింది. లాగ్‌లో సున్నా. ఏనుగులో పెట్టాను. ఎరుపు ఎరుపుగానే ఉంది."

కత్తెర పిసినారే గానీ తెలివితక్కువవాడు కాదు. రెండు తెరలూ చూశాడు. ప్యానెల్ చూశాడు. "సంతకం నాది," అన్నాడు.

"పరిగెత్తండి సార్."

*

మూడు అంతస్తులు. గది దాటగానే చీమ గడియారం బొడిపె నొక్కింది. హాలు గుమ్మం దగ్గరికి చేరేసరికి పదకొండూ రెండు. గార్డు అడ్డంగా నిలబడ్డాడు.

"పాసు?"

"కింద ఉండిపోయింది. మిషన్ ఆపాలి."

లోపల గోడంత తెరమీద పట్టాలన్నీ గీతలుగా వెలుగుతున్నాయి. దాని ముందు పెద్ద అధికారులు, వాళ్ళ మధ్యన ముత్యం. ఆవిడ వెనక్కి తిరిగి చీమని చూసింది. ఒక్క క్షణం నవ్వు చెరిగింది. మరుక్షణం వేలు చూపించింది.

"గార్డ్! ఇంజనీరు చావు కేసులో అనుమానమున్నది ఈ అమ్మాయి మీదే. పట్టుకో!"

గార్డు ఆమె రెక్క వెనక్కి విరిచి గోడకి అదిమాడు. కత్తెర "ఏయ్, ఆగవయ్యా!" అంటూ మధ్యలో దూరబోతే ఇంకో గార్డు ఆయన్నీ ఆమె పక్కనే గోడకి తోశాడు. పది అడుగుల అవతల మిషన్. తెరమీద రెండు చుక్కలు ఎదురెదురుగా కదులుతున్నాయి. ఒకటి గూడ్సు. రెండోది అక్క.

పదకొండూ అయిదు.

"బండికి ఎరుపు పడింది," అన్నాడు లోపల ఎవరో. "గూడ్సు పోయాక వదులుతాం."

చీమ చెంప గోడకి నొక్కుకుపోయి ఉంది. కంటికి జానెడు దూరంలో నీలం కేబుల్. మిషన్‌నుంచి బయలుదేరి, గోడ వెంట, గుమ్మం మీదుగా సిగ్నళ్ళ దగ్గరికి పోయే కేబుల్. గోడలోపల గొట్టంలో పోవాల్సింది. గొట్టాల బిల్లుని కత్తెర కొట్టేశాడు. ఒకటి పాడైతే ఆదుకోవడానికి పెట్టాల్సిన రెండో మిషన్ని కూడా కొట్టేశాడు.

పదకొండూ ఆరు. తెరమీద జంక్షన్ సిగ్నల్ ఎర్ర దీపం వణికినట్టయింది. పచ్చబడింది.

"ఎవరు నొక్కారు?" అన్నాడు ఒకాయన.

"ఎవరూ నొక్కలేదు సార్!"

చీమ వదులుగా ఉన్న చేయి పక్కకి చాచింది. కత్తెర చొక్కా జేబు తగిలింది. కత్తెర కత్తెర చేతికొచ్చింది.

కచక్.

గోడంత తెరమీద దీపాలన్నీ ఒక్కసారి ఆరి, ఒక్కసారి ఎర్రగా వెలిగాయి. సిగ్నళ్ళ తీరు ఎప్పుడూ అంతే: ఆజ్ఞ రాకపోతే ప్రతి సిగ్నలూ ఎర్రబడుతుంది. ప్యాసింజర్ చుక్క మెల్లగా, మెల్లగా, జంక్షన్ గీతకి వెంట్రుకవాసి ముందు ఆగింది. గూడ్సు అంతకి కొంచెం దూరంలో ఆగింది.

హాల్లో అందరి చూపూ తెరమీదే ఉంది. కత్తెర ఒక్కడే నోరు తెరిచాడు. "నా కత్తెర..."

ముత్యం ఈలోపే రెండో తలుపు దాకా వెళ్ళింది. తలుపు తీయగానే ఎదురుగా తెల్లజుట్టు. తాత, వెనక నలుగురు. గడియారం మొట్టమొదటిసారి పనిచేసింది.

తాత ఆవిణ్ణి చాలాసేపు చూశాడు. పన్నెండేళ్ళు మొహంలో కనిపించాయి. చివరికి అడిగాడు. "తొమ్మిదోవాడెవడు?"

ముత్యం మొదట అర్థంకానట్టు చూసి, తరవాత పగలబడి నవ్వింది. "తొమ్మిదోవాడా? మేమెప్పుడూ ఎనిమిదిమందిమే! ఇంతకాలం ఎవణ్ణి వెతుకుతున్నారయ్యా మీరు?"

తాత చెవులు ఎర్రబడ్డాయి. చీమ పక్కనుంచి పోతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "రిపోర్టులో ఆ సంగతి అవసరం లేదు."

"లాగ్‌లో పడిపోయింది సార్," అంది చీమ.

*

మధ్యాహ్నానికల్లా ఏనుగుని నలుగురు మోసుకుని పైకి తెచ్చారు. ఆర్డరు మీద కత్తెర సంతకం పెట్టాడు. పెట్టి, కింద ఖాళీ కాగితం కత్తిరించబోయి, జేబు తడుముకున్నాడు. కత్తెర సాక్ష్యం కింద డిపార్ట్‌మెంట్ పట్టుకుపోయింది. కొత్తది కొనడానికి ఆయనకి మనసొప్పలేదు.

చీమ మెట్లమీద కూర్చుని కాలిన వేళ్ళని నీళ్ళ సీసాకి ఆనించుకుంది. ఫోన్ మోగింది.

"ఏమే, విన్నావా?" అక్క గొంతు మండిపోతోంది. "పచ్చ పడిందని కదిలానో లేదో, టపీమని ఎరుపు! జంక్షన్‌లో పదమూడు నిమిషాలు ఎండలో నిలబెట్టారు. ఆరొందలమంది నన్నే తిట్టారు. కిటికీలోంచి ఒక ముసలాయన చెప్పు చూపించాడు. మొదటిరోజే నా పేరు చెడిపోయింది. ఏ దిక్కుమాలినవాళ్ళో అక్కడ వైరు కోశారట! ఎవరో తెలిస్తే చెప్పు, వాళ్ళ చేతులు విరిచేస్తాను."

చీమ సీసా కింద పెట్టింది.

"నేనే కోశానక్కా," అంది. "తప్పు నాదే."

అక్క గొంతు, ముందుకన్నా రెండింతలు కోపంగా:

"అబద్ధాలకైనా ఒక హద్దుండాలే!"

ఫోన్ కట్టయింది. డిపార్ట్‌మెంట్‌లో చేరాక చీమ అక్కకి చెప్పిన మొదటి నిజం అది. అక్క లాగ్‌లో మాత్రం పడలేదు.